రాగిగీత మీద తరుగు

నేను చేసే పనేమిటో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. తీరా అర్థమయ్యాక ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కంప్యూటర్ల లోపల ఆకుపచ్చ పలకలుంటాయి చూడండి, సర్క్యూట్ బోర్డులు. వాటి మీద వెంట్రుకంత సన్నటి రాగిగీతలుంటాయి. ఒక చిప్ చెప్పే మాట ఇంకో చిప్‌కి చేరేది ఆ గీతల మీదుగానే. చేరేలోగా దారిలో కొంత అరిగిపోతుంది. గీత ఎంత పొడుగైతే అంత అరుగుతుంది, ఎంత వేగంగా చెబితే అంతకంత అరుగుతుంది. బోర్డు ఇంకా తయారు కాకముందే, కంప్యూటర్‌లో బొమ్మగా ఉండగానే, ఈ గీత మీద ఇంత పోతుంది అని లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. దాన్ని మావాళ్ళు సిగ్నల్ లాస్ అంటారు. అమ్మకి లాస్ అంటే ఎవరో కొట్టు మూసేసుకున్నట్టు. అందుకని ఒకరోజు ఆవిడ పసుపు ఉడకబెడుతుంటే పక్కన కూచుని, సంతలో సావుకారు మన పసుపు తూచి, ఎండితే ఇంత పోతుందని ముందే కోసేస్తాడు కదా, తరుగు, నేను చెప్పేది కూడా అలాంటి తరుగే అన్నాను.

మా కొండల్లో సంతకెళ్ళే ఆడాళ్ళ ముందు అనకూడని మాటేదైనా ఉంటే అది తరుగు. అమ్మ గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. అంత సదువు సదివి తరుగు కోసీ పన్లో కుదిరీసావేటే అని ఒక్కమాట అని, మళ్ళీ పసుపు కలుపుకుంటూ కూచుంది. ఆ వారం సంతలో మా పెద్దమ్మలకీ చిన్నమ్మలకీ కూడా చెప్పేసిందిలా ఉంది, ఆ తర్వాత నేను కనబడితే వాళ్ళు తట్ట కొంచెం వెనక్కి లాక్కునేవాళ్ళు.

నిజానికి నేను సావుకారు పక్షం కాదు. సంతలో సావుకారు తరుగు ఎక్కువేసి బతుకుతాడు, మా కంపెనీలో పెద్దలు తక్కువేసి బతుకుతారు. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు రెండుచోట్లా అడ్డమే. ఈ సంగతి అమ్మకి వివరించబోతే, అయితే మీవోళ్ళే నయం, తక్కువ కోత్తారు అంది.

మా ఊరు అరకు నుంచి పెదబయలు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో ఇంజనీరింగు చేసి, బెంగుళూరులో చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడ నా పక్క సీట్లవాళ్ళు మంచివాళ్ళే. మీ ఊళ్ళో కరెంటుందా, మీరు అడవిలో ఏం తింటారు అని ప్రేమగా అడిగేవాళ్ళు. తేనె తెమ్మనేవాళ్ళు. కరెంటు మీద పీజీ చేసినదాన్ని కరెంటుందా అని అడుగుతున్నారని వాళ్ళకి తట్టేది కాదు. పెళ్ళయ్యాక కూడా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆయన గూడెం కొత్తవీధిలో ఆశ్రమ పాఠశాల మాస్టారు. మా కాపురమంతా ఫోన్లో నడిచేది. కూరేం వండావు అంటే కూరేం వండావు అనుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మా ఎండీగారు కుటుంబంతో అరకు చూడ్డానికి వచ్చారు. అద్దాల బోగీలో వచ్చి, బొంగులో చికెన్ తిని, కాఫీ తాగి, థింసా ఆడేవాళ్ళ మధ్య నిలబడి ఫొటో దిగి, బొర్రా గుహల్లో జ్ఞానోదయం పొందారు. సోమవారం మీటింగులో, మనం ప్రకృతికి దూరమైపోతున్నాం అన్నారు. మాకు తెలీదేమిటి, మమ్మల్ని దూరం చేసిందే ఆయన. నెలలు తిరక్కుండా అరకులో ఒక పాత లాడ్జి మేడ అద్దెకి తీసుకుని బ్రాంచి పెట్టారు. దాని పేరు నేచర్ ఆఫీసు. అక్కడికెవరు వెళ్తారు అంటే నేను చెయ్యెత్తిన వేగానికి నా భుజం పట్టేసింది.

నేచర్ ఆఫీసు కదా, ఏసీలు పీకించేశారు. కిటికీలకి అద్దాలు తీయించి వెదురు తడికలు కట్టించారు. మంచు సరాసరి లోపలికొచ్చి కుర్చీల్లో కూచునేది. వానాకాలం వస్తే పొద్దున పెట్టిన కాగితం సాయంత్రానికి అప్పడంపిండిలా మెత్తబడేది. ఆ గాలిలోనే గీతల మీద లాస్ కొలిచే యంత్రాన్ని పెట్టారు. బెంగుళూరు లాబ్‌లో దానికి ప్రత్యేకం గది, తలుపు మీద చెప్పులు విప్పమని బోర్డు. ఇక్కడ దాని పక్కన గోడకి ఒక కాఫీ కప్పు బొమ్మ, దాని కింద గాఢంగా ఊపిరి పీల్చండి అని రాత. యంత్రం మాట విన్నట్టే ఉంది, నెలకోసారి తుమ్మి ఆగిపోయేది.

అయినా నాకు హాయిగా ఉండేది. స్కూటీ మీద ఇంటి నుంచి వెళ్ళొచ్చేదాన్ని. శనివారం మా ఆయన వచ్చేవాడు, సోమవారం తెల్లారే బస్సెక్కేవాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకి మేము ఎదురెదురుగా కూచుని పోట్లాడుకున్నాం. అది ఎంత సుఖమో ఫోన్లో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు ఇక్కణ్ణుంచి కదలాలని లేదు. పెద్ద కారణాలేం లేవు, లేదంతే.

అప్పుడు ఆ పెద్ద కస్టమర్ వచ్చాడు. నెట్‌వర్క్ పెట్టె ఒకటి, అందులో పెద్ద బోర్డు, ఈ చివర చిప్ నుంచి ఆ చివర చిప్‌కి జానెడు జానెడు గీతలు కాదు, మూర దాటిన గీతలు. లాస్‌ని మేము డీబీల్లో కొలుస్తాం. అవతలి చిప్ ఇరవై ఎనిమిది డీబీల దాకా లాస్ తట్టుకుంటుంది. అంటే పంపినదాంట్లో ఆరొందల పాళ్ళలో ఒక పాలు చేరినా అర్థం చేసుకోగలదు. అంతకన్నా తగ్గితే చేతులెత్తేస్తుంది. బోర్డు చెయ్యడానికి వాడే పలక మామూలుదైతే చవక, లాస్ తక్కువుండే పలకతో చేస్తే ఖరీదు. మామూలు పలక సరిపోతుందా అన్నది ప్రశ్న. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను లెక్క మొదలెట్టకముందే మా సేల్స్ పెద్దాయన మామూలు పలకతోనే చేసిస్తామని మాటిచ్చేసి, ఆ సంతోషంలో మిఠాయి కూడా పంచేశాడు.

నేను లెక్కగట్టాను. గీత పొడవుకి ఎంత, మధ్యలో పొరల నుంచి పొరల్లోకి దిగే బెజ్జాలకి ఎంత, కనెక్టర్లకి ఎంత. తర్వాత రాగి గరుకు. పలకని పట్టుకుని ఊడిరాకుండా ఉండాలని రాగిని అడుగున గరుకుగా చేస్తారు. వేగంగా పోయే సిగ్నల్ రాగి లోపల నడవదు, పైచర్మం మీదే నడుస్తుంది. ఆ గరుకంతా ఎక్కుతూ దిగుతూ పోవాలి. అనంతగిరి ఘాటీలో బస్సు లాగన్నమాట, పటంలో చూస్తే ఇంతే దూరం, ఎక్కితే తెలుస్తుంది. ఆ తర్వాత పెట్టె లోపలి వేడి, గాలిలో తేమ. పలకలో ఉండే జిగురు తేమ పీలుస్తుంది, పీల్చినకొద్దీ సిగ్నల్‌ని తినేస్తుంది. ఇవన్నీ కలిపితే ముప్పై ఒకటి వచ్చింది. మళ్ళీ చూసుకున్నా ముప్పై ఒకటే.

ఇరవై ఎనిమిదికీ ముప్పై ఒకటికీ తేడా మూడేగా అనుకుంటారు. మూడు డీబీలంటే సగం. అంటే ఆ చిప్ కనీసం ఇంతైనా చేరాలి బాబూ అని అడుగుతుంటే, మేము అందులో సగం చేతిలో పెడుతున్నాం.

మీటింగు పెట్టారు. మా సంత మా ఇంటికే వచ్చినట్టనిపించింది. సేల్స్ పెద్దాయన ముందు నా మొహం చూసి నవ్వాడు, బేరానికి దిగేవాడు నవ్వినట్టే. రాగి నున్నగా ఉందనుకుంటే ఎంత తగ్గుతుంది మేడమ్ అన్నాడు. నున్నగా ఉండదన్నాను. ఉందనుకుంటే అంటున్నాను కదా అన్నాడు. అనుకోడానికి ఖర్చేముంది, కొంత తగ్గించాను. సరుకు కొనే విభాగం ఆయన, పలక అమ్మేవాడి రంగుల పుస్తకంలో లాస్ ఇంకా తక్కువ రాశాడన్నాడు. అమ్మేవాడు తన గేదె పాలివ్వదని రాస్తాడా? అదీ తగ్గించారు. ఇంకొకాయన వేడి ఎంత తీసుకున్నారన్నాడు. చెప్పాను. అరకులో అంత వేడెక్కడుంది మేడమ్, చల్లగా తీసుకోండి అన్నాడు, పెట్టె అరకులోనే కాపురం ఉండబోతున్నట్టు. తేమ సంగతి వచ్చేసరికి మాత్రం అరకు పనికిరాలేదు, గాలిలో తేమ సున్నా అన్నారు. చలి అరకుది, పొడిగాలి ఎడారిది, రాగి దేవలోకానిది. అన్నీ కోసేశాక ఇరవై ఏడు ముప్పావుకి తెచ్చి, చివర్న ఎండీగారు ఇంకో పావు కొసరు అడిగారు. మనం పాజిటివ్‌గా ఆలోచించాలమ్మా అన్నారు. లాస్‌ని పాజిటివ్‌గా ఎలా ఆలోచిస్తారో ఇప్పటికీ నాకు తెలీదు.

నేను సంతకం పెట్టను, నా లెక్క ముప్పై ఒకటే అన్నాను. మీటింగు ముగిశాక ఎండీగారు నాకు విడిగా ఫోన్ చేశారు. ఆయన కోప్పడితే బాగుణ్ణు, చాలా మెత్తగా మాట్లాడారు.

"చూడమ్మా, ఈ కస్టమర్ ఉంటే అరకు బ్రాంచి ఉంటుంది. లేకపోతే అందర్నీ బెంగుళూరులో కలిపేయడం తప్ప నాకు దారి లేదు. నీ ఇల్లు, మీ ఆయన, అన్నీ అక్కడే కదా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నిద్రపట్టనంతగా ఆలోచించుకున్నాను. చివరికి ఏమీ తేల్చుకోలేక, నమూనా బోర్డులు తెప్పించి కొలుద్దాం సార్, ఏదొస్తే అదే అన్నాను. కొలత నావైపే మాట్లాడుతుందన్న ధీమా నాది. ఆయనకీ అదే ధీమా, ఆయనవైపు.

నమూనా బోర్డులంటే అరచేయంత ముక్కలు. ఒక దాని మీద పొట్టిగీత, ఒక దాని మీద పొడుగుగీత. రెండూ కొలిచి తేడా తీస్తే గీత మీద ఎంత పోతోందో తెలుస్తుంది, దాన్నిబట్టి పెద్ద బోర్డుకి లెక్కేసుకోవచ్చు. తేమ తగలకుండా వెండిరంగు సంచుల్లో సీలు వేసి, లోపల తేమ పీల్చే గుళికల పొట్లాలు పెట్టి పంపారు. కొలిచేముందు మాత్రమే విప్పవలెను అని పైన ఎర్రటి అక్షరాలు. అవి వచ్చిన రోజున నేను సెలవులో ఉన్నాను. ఎండీగారు మాత్రం దిగారు, ప్రారంభోత్సవం చెయ్యడానికి.

మర్నాడు వచ్చి చూస్తే సంచులన్నీ చించి ఉన్నాయి. బోర్డులన్నీ ఇత్తడి పళ్ళెంలో పేర్చి, ఒక్కోదానికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. సరిగ్గా కనెక్టర్ బిగించే చోట కుంకుమ. పక్కన కొట్టిన కొబ్బరికాయ, దాని నీళ్ళు ఎటు పోయాయో అడగదలుచుకోలేదు. ఫొటోలు చూపించారు. హారతి పట్టారు. అందర్నీ కలుపుకుపోవాలని, చర్చికి వెళ్ళే, బోర్డుల మీద గీతలు గీసే మా లేఅవుట్ కుర్రాడి చేత ప్రార్థన చేయించారు. అదీ చాలక మన గిరిజన దేవతకి కూడా ఏదైనా చెయ్యాలి కదా అని సేల్స్ పెద్దాయన అడిగితే, వాచ్‌మన్, మా దేవత కోడినడుగుతాది బాబూ, తెత్తారా అన్నాట్ట. అంతటితో వదిలేశారు.

కొలిచే యంత్రం అప్పుడే తుమ్మి ఉంది. బాగుచేసేవాడు కొండెక్కి వచ్చేసరికి వానలు బాగా ముదిరాయి. అన్నాళ్ళూ బోర్డులు ఆ వెదురు తడికల పక్కనే ఉన్నాయి, గాఢంగా ఊపిరి పీలుస్తూ. కుంకుమ తుడిచి కొలిస్తే ముప్పై రెండు దాటింది.

ఎండీగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ముందు యంత్రం పాతదన్నారు. తర్వాత కొలిచే చెయ్యి బాగాలేదన్నారు. తేమ పీల్చేశాయి సార్, సన్నటి వేడి మీద ఆరబెట్టి మళ్ళీ కొలవాలి, రెండు అంకెలూ కస్టమర్‌కి చెప్పాలి అన్నాను. ఆరబెట్టే ఓవెన్ మా ఆఫీసుకి లేదు. ఎప్పుడో అడిగాను, ప్రకృతికి విరుద్ధమని ఆపేశారు.

ఆ వారమే మేడ కురవడం మొదలెట్టింది. బోర్డులు గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ ఏటివి అనడిగితే, తడి పట్టి పాడైపోయాయే, వీటితోనే నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అని చెప్పి, సంచి గోడకి తగిలించాను. అంతలో మా ఆయనకి జ్వరమని కబురొస్తే గూడెం కొత్తవీధి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సంచి ఖాళీ.

బోర్డులేవే అన్నాను. అమ్మ గరిటెతో పైకి చూపించింది.

మా ఇళ్ళల్లో వానాకాలం దాటి బతకాల్సినదేదైనా పొయ్యి మీదికే చేరుతుంది. చోడి విత్తనం, మొక్కజొన్న పొత్తులు, ఎండుచేపలు, గుమ్మడి గింజల మూట. కింద పొయ్యి పొగ, వేడి తగులుతుంటే పురుగు పట్టదు, బూజు పట్టదు. గ్యాసుపొయ్యి వచ్చినా అమ్మ అంబలి కాచడానికి ఆ కట్టెలపొయ్యి ఉంచుకుంది. దాని మీద, మొక్కజొన్న పొత్తుల వరసలో, నా బోర్డులు నారతాడుకి గుచ్చి వేలాడుతున్నాయి. మరలు బిగించే బెజ్జాల్లోంచి తాడు దూర్చింది. పొగచూరి బెల్లం రంగుకొచ్చాయి. నేను గొల్లుమన్నాను. ఎవరి సొమ్మనుకున్నావు, ఒక్కోటీ ఎంతో తెలుసా, నా కొంప ముంచావు అని నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మకి కోపమొచ్చింది.

"ఏటలా గోలెడతావు? తడి పట్టిందన్నావు, ఆరెట్టాను. ఏలాడ దియ్యడానికి కాపోతే ఆ బెజ్జాలెందుకే? ఇత్తనం బతికీసోట నీ అట్టముక్క సావదులే."

స్పిరిటుతో తుడిచి, మసి వదిలించి, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి పట్టుకెళ్ళి కొలిచాను. ఇరవై ఏడున్నర. కళ్ళు నులుముకుని మళ్ళీ కొలిచాను, అంతే. పలకలో తేమన్నది లేకుండా అమ్మ పీల్చి పిప్పి చేసేసింది.

ఆ అంకె నేను దాచలేదు. దాచి ఉంటే ఏమయ్యేదో. ఎలా వచ్చిందో కూడా రాసి పంపాను, పొయ్యితో సహా. పావుగంటలో ఎండీగారి ఫోన్. ఆయన గొంతులో కన్నీళ్ళున్నాయి. కొలత వచ్చేసిందిగా, ఇక నీ లెక్క ఎందుకమ్మా అన్నారు. లెక్క అంటే ఊహ, కొలత అంటే నిజం, ఇంజనీరువి నీకు నేను చెప్పాలా అన్నారు. ఇదే కొలత మొన్న ముప్పై రెండు చూపిస్తే నా చెయ్యి బాగాలేదన్న సంగతి ఆయనకి గుర్తులేదు. కస్టమర్ దగ్గర పెట్టె ఏ రేవులోనో, ఏ గోదాములోనో, చెమట పట్టే గదిలో ఉంటుంది సార్, పెట్టెతోపాటు పొయ్యినీ మా అమ్మనీ కూడా పంపిస్తారా అన్నాను. ఆయన మొదటి సగం వినలేదు. మీ అమ్మగారు! అన్నారు.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. వారం తిరక్కుండా సేల్స్ పెద్దాయన కెమెరాతో మా ఇంట్లో దిగాడు. కస్టమర్‌కి చూపించే స్లయిడ్లలో 'తరతరాల గిరిజన క్యూరింగ్ విధానం' అని ఒకటి పెడతాట్ట. ముందు గ్యాసుపొయ్యి ఫ్రేములోంచి తీయించాడు. తర్వాత టీవీ మీద దుప్పటి కప్పించాడు. అమ్మ కొత్త నైలాన్ చీర కట్టుకుని వస్తే, అది కాదమ్మా, పాతగా ఉండేది అన్నాడు. నాను పాతవైతే సాలదేటి బాబూ అంది అమ్మ. బోర్డులు మళ్ళీ తాడుకి గుచ్చించాడు, ఊదుగొట్టం ఊదించాడు, పొగ చాల్లేదని పచ్చికట్టె పెట్టించాడు. ఎంత దగ్గొచ్చినా అమ్మ అదరలేదు, చెప్పినన్ని సార్లు ఊదింది. పోతూ పోతూ ఆయన మా ఎండుచేపలు కూడా పట్టుకుపోయాడు. అమ్మ ఆ రాత్రి చాలా ఆనందంగా ఉంది. నేనే మొహం వేలాడేసుకుని కూచున్నాను.

ఆవిడకి సంగతంతా చెప్పాను. తడిగా ఉంటే ముప్పై పైన పోతుంది, పొడిగా ఉంటే ఇరవై ఏడు, పొడిది రాసేస్తే బ్రాంచి ఉంటుంది, నేను ఇక్కడే ఉంటాను, తడిది రాస్తే బెంగుళూరు పోవాలి. మా అమ్మ సత్యహరిశ్చంద్రుడి పక్కింటావిడేం కాదు. వెంటనే తేల్చేసింది.

"పొడిదే రాసీ. సంతకెల్లీముందు మనం అల్లం తడిపీవోళ్ళం కాదేటి, బరువు తూగాలని? ఎవుడి సూపు ఆడిది. నీ మొగుడూ, నీ కొంపా ఇక్కడున్నాయి. ఉన్న కూడు ఒలకబోసుకోకు గుంటా."

అమ్మ చెప్పినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. అదే బాధ. మా ఆయనకి ఫోన్ చేస్తే, నీకు ఏది సరి అనిపిస్తే అది చెయ్యి అన్నాడు. మాస్టార్లు ఎప్పుడూ ఇంతే, పరీక్ష ముందు ధైర్యం చెబుతారు గానీ జవాబు చెప్పరు. సరే, నోరు మూసుకుని కూచుందాం, స్లయిడ్లు వాళ్ళవి, అంకె వాళ్ళది, అబద్ధం నేను చెప్పడం లేదుగా అని నన్ను నేను సముదాయించుకుని కస్టమర్ మీటింగులో కూచున్నాను.

కస్టమర్ తరఫున మాట్లాడేది ఒక పెద్దావిడ. ఇంజనీరు, ముక్తసరి మనిషి. సేల్స్ పెద్దాయన స్లయిడ్లన్నీ తిప్పాడు. మా అమ్మ ఊదుగొట్టం ఊదే వీడియో వేశాడు. వెనకాల పిల్లనగ్రోవి సంగీతం. ఆవిడ చివరిదాకా చూసింది. నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. లాస్ అంచనా కట్టింది ఎవరని అడిగింది. ఎండీగారు ఏదో చెప్పబోయారు. నేనేనండీ అన్నాను.

"మీ అంచనా ఎంత?"

ఆవిడ ఇంకేమైనా అడిగి ఉంటే తప్పించుకునేదాన్నేమో. అటూ ఇటూ తిప్పి ఏదో ఒకటి చెప్పేదాన్ని. అంత సూటిగా నా పనేమిటో అదే అడిగితే నా నోట్లోంచి వేరే అంకె రాలేదు.

"ముప్పై ఒకటి. మీరు చూసినది ఎండబెట్టిన బోర్డు. ఇదే బోర్డు మా ఆఫీసు గాలిలో పెడితే ముప్పై రెండు దాటింది. మామూలు పలకతో మీ పెట్టె వానాకాలం దాటదు."

సేల్స్ పెద్దాయనకి దగ్గొచ్చింది, పచ్చికట్టె లేకుండానే. ఎండీగారి బొమ్మ తెర మీద కదలకుండా ఉండిపోయింది, నెట్ ఆగిందో ఆయనే ఆగారో తెలీదు. మరేం చెయ్యాలంటారు అని ఆవిడ అడిగింది. ఆ పొడుగు గీతలున్న పొరలకి మాత్రం మంచి పలక వాడండి, మిగతావాటికి మామూలుది చాలు అని చెప్పాను. థాంక్యూ అని మీటింగు ముగించేసింది.

తర్వాత కొన్నాళ్ళు ఆఫీసులో నా పక్కన ఎవరూ భోజనానికి కూచోలేదు. వాళ్ళని అనుకుని లాభం లేదు, వాళ్ళకీ ఇక్కడ ఇళ్ళున్నాయి. అమ్మ కూడా ముభావంగా ఉంది. మా ఆయన ఆ శనివారం వచ్చి, మీటింగు సంగతంతా విని, మంచిపని చేశావు అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడలేదు.

మరి కొన్నాళ్ళకి కస్టమర్ నుంచి జవాబొచ్చింది. నేను చెప్పినట్టే, ఆ పొరలకి మంచి పలకతో, ఆర్డరు మాకే ఇచ్చారు. ఎగిరి గంతేశాను. స్కూటీ మీద ఇంటికొస్తూ దారి పొడుగునా పాడుకున్నాను. అమ్మకి చెబితే, ఎదవ తరుగు నిజం సెప్పినా అమ్ముడవుద్దా అని ఆశ్చర్యపోయింది. ఆ రాత్రి కోడి కోశాం.

మర్నాడు ఎండీగారు కంపెనీ అందరికీ మెయిల్ పెట్టారు. నిజాయితీ మన కంపెనీ రక్తంలోనే ఉంది అని మొదలెట్టారు. ఉన్నమాట ధైర్యంగా చెప్పే సంస్కృతిని తాను మొదట్నుంచీ ఎలా పెంచి పోషించారో రెండు పేరాలు రాశారు. నా పేరు రాసి, అభినందనలు రాశారు. ఆ కింద ఇంకో పేరా. ఇకమీదట కొలతలన్నీ పొడిగా, ఒకే వేడిలో ఉండే లాబ్‌లోనే జరగాలని కస్టమర్ షరతు పెట్టారట. అరకు గాలిలోని తేమ కొలతల్ని ఎంతగా పాడుచేస్తుందో మన ఇంజనీరుగారే అంకెలతో నిరూపించారు కాబట్టి, లాబ్‌ని బెంగుళూరుకి తరలిస్తున్నారట. దాన్ని నడిపించే బాధ్యత నాకే ఇస్తున్నారట, ప్రమోషన్‌తో. అరకు మేడని ఉద్యోగుల విహారానికి గెస్ట్‌హౌస్ చేస్తారట.

నేను ఆ మెయిల్ చాలాసార్లు చదివాను. ఎక్కడా అబద్ధం లేదు. అరకు గాలి పనికిరాదని రాసింది నేనే, కింద సంతకం నాదే. పోనీ మానేయవచ్చు కదా అని మీరనొచ్చు. ఈ పని ఈ కొండల్లో ఇంకెక్కడా లేదు. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు, పైగా ఇష్టం, ఆ ఇష్టమే లేకపోతే ఇరవై ఏడున్నర దగ్గరే ఆగేదాన్ని.

వెళ్ళేరోజున మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు. అరకు బస్‌స్టాండులో విశాఖ బస్సు కోసం నిలబడ్డాం. సన్నగా జల్లు పడుతోంది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి, ఆ రోజు నా సూట్‌కేసు పిడి పట్టుకుని, వచ్చే బస్సుల బోర్డులు చదువుతూ నిలబడ్డాడు. మా బస్సొచ్చాక లోపలికెక్కి, సీటు కింద పెట్టె సర్దాడు. కిటికీ అద్దం పడుతుందో లేదో చూశాడు. దిగబోతూ అడిగాడు.

"ఇరవై ఏడు అనుంటే ఉండేవాళ్ళమా?"

"ఉండేవాళ్ళం" అన్నాను.

అనుండాల్సింది అంటాడనుకున్నాను. అంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, కావలసినంత కోపం కూడా ఉంది. కండక్టరు రైట్ రైట్ అనేదాకా పోట్లాడుకునేవాళ్ళం. ఆయన అనలేదు. మంచినీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టి, చేరాక ఫోన్ చెయ్యి అని దిగిపోయాడు. బస్సు కదిలాక నాకు ఏడుపొచ్చింది, అనంతగిరి దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను.